చూపు అరువిద్దాం

మన ఊళ్ళకు సాయం అనగానే ఇక్కడ మనకు ముందు గుర్తుకొచ్చేది చెక్కుబుక్కు. డబ్బుతో పనిలేని సాయం కూడా ఒకటున్నది. దానికి కావలసినవి రెండు కళ్ళు, తెలుగు మాట్లాడే నోరు, చేతిలో ఫోను. ఈ మూడూ మనందరికీ వున్నవే.

డెన్మార్కు దేశస్థుడు హాన్స్ యోర్గెన్ వీబెర్గ్‌కు చూపు సరిగా ఆనదు. ఆయన తలపెట్టిన 'బీ మై ఐస్' అనే ఏర్పాటు 2015 జనవరిలో మొదలయింది. చూపులేనివారు ఫోనులో మీట నొక్కితే, వారి భాష వచ్చిన స్వచ్ఛంద సేవకులకు గంట మోగుతుంది. ముందు ఎత్తినవారికి అవతలివారి కెమెరా ఎదుట వున్నది కనిపిస్తుంది. అదేమిటో చెప్పడమే పని. ఇరువైపులా రుసుమేమీ లేదు, ఒకరి ఫోను నంబరు మరొకరికి తెలియదు.

ఈ పనికి లోకంలో సేవకుల కొరత లేదు. సాయం కోరేవారికంటే చేస్తామనేవారే ఎన్నో రెట్లు ఎక్కువ. మరి మన అవసరం ఏమిటంటారా? ఒకటి భాష, రెండోది వేళ. సేవకులున్న చోట రాత్రి అయితే వారికి గంట మోగించరు. విజయవాడలో రాత్రి పది గంటలకు తలనొప్పి మాత్ర వెతుక్కునే మనిషికి, అక్కడి సేవకులు పడుకునే వేళ. న్యూయార్కులో అప్పుడు చలికాలమైతే పగలు పదకొండున్నర. మనల్ని ఊరికి దూరం చేసిన ఈ కాలభేదమే ఇక్కడ అక్కరకు వస్తుంది.

పైగా అక్కడ మందుల అట్టల మీద వుండేది చాలావరకు ఇంగ్లీషే. దాన్ని చదివి తెలుగులో చెప్పగలవారు కావాలి. తెలుగు చక్కగా మాట్లాడుతూ, చదవడం మాత్రం రాని మన కాలేజీ పిల్లలు కూడా ఈ పనికి తగినవారే. శుభలేఖో, తెలుగులో వచ్చిన నోటీసో అయితే మనల్ని చూడవచ్చిన అమ్మానాన్నలు ఇంకా బాగా చదువుతారు.

పని తేలికే గాని పద్ధతి తెలియాలి. "అదిగో, అక్కడ" అంటే వారికేం తెలుస్తుంది? "మీ కుడిచేతికి జానెడు దూరంలో" అనాలి. "ఫోను కాస్త వెనక్కి జరపండి, వెలుతురు చాలడం లేదు" అని మొగమాటం లేకుండా చెప్పాలి. అంకెలు ఒక్కొక్కటే చదవాలి. అక్షరం ఆనకపోతే ఆనలేదనే చెప్పాలి. మందు పేరు దగ్గర ఊహ పనికిరాదు. మందు పేరు, గడువు తేదీ చదవడం వరకే మన వంతు. ఎన్ని వేసుకోవాలన్నది డాక్టరు మాట. ఫోనులో చూసి రోడ్డు దాటించడం అసలే కూడదు. బ్యాంకు కాగితమో, రహస్య నంబరో కంటబడితే, "ఇది కనిపిస్తున్నదండీ" అని వెంటనే హెచ్చరించాలి.

అన్నిటికంటే ముఖ్యం, "అయ్యో పాపం" అనకుండా వుండడం. ఎప్పటినుంచి కనపడదు, ఎవరూ తోడులేరా అని ఆరాలు తీయవద్దు. వారు అడిగింది పాలపొట్లం మీది తేదీ. అది చెప్పి, "ఇంకేమైనా చూడాలాండీ?" అంటే చాలు. నిర్ణయం వారిది, చూపు మాత్రమే మనది.

2023 నుంచి ఇదే ఏర్పాటులో ఫోటో చూసి వర్ణించే యంత్రం కూడా వచ్చింది. చాలా పనులకు అది చాలు, ఎవరినీ అడగనక్కరలేదు కూడా. కాని యంత్రమూ పొరబడుతుంది. ఈ చీరమీదకు ఏ రవిక నప్పుతుందని అడగడానికి మనిషే కావాలనిపించే వేళలూ వుంటాయి.

పేరు నమోదు చేసుకునేటప్పుడు భాషల్లో తెలుగును ఎంచుకోవడం మరవకండి. గంట రేపే మోగకపోవచ్చు, వారాలు పట్టవచ్చు. మోగినప్పుడు చేతిలో పని రెండు నిమిషాలు పక్కన పెడదాం. అవతల మన తెలుగువారే వుంటారు.