బ్యాటిల్‌టెక్ క్యాంపెయిన్

బ్యాటిల్‌టెక్ క్యాంపెయిన్ అనగా బ్యాటిల్‌టెక్ అనే బల్లపై ఆడే యుద్ధక్రీడలో, ఒక పోరు ఫలితం తరువాతి పోరుకు సంక్రమించే విధంగా నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగే ఆటల పరంపర. తెలుగులో దీనిని దండయాత్ర అనవచ్చును. విడి ఆటలో ఓడినవారు బొమ్మలను పెట్టెలో సర్దుకొని మరునాడు కొత్త సేనతో వస్తారు. క్యాంపెయిన్‌లో ఆ వెసులుబాటు లేదు. నిన్నటి పోరులో విరిగిన చేయి బాగుచేయించే వరకు విరిగే ఉంటుంది.

మూల క్రీడ

ఈ క్రీడను అమెరికాలోని షికాగోకు చెందిన ఫాసా సంస్థ 1984లో బ్యాటిల్‌డ్రాయిడ్స్ పేరుతో విడుదల చేసింది. డ్రాయిడ్ అన్న మాటపై స్టార్ వార్స్ నిర్మాత జార్జ్ లూకాస్ సంస్థకు హక్కులు ఉండుటచే 1985లో పేరు మార్చారు. 2007 నుండి దీనిని కెటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ ప్రచురిస్తున్నది.

ఇందులో పోరాడేవి మెక్‌లు, అనగా మనిషి లోపల కూర్చొని నడిపే 20 నుండి 100 టన్నుల భారీ మరయోధులు. పటంపై ఒక్కొక్క షట్కోణపు గడి 30 మీటర్లకు, ఒక్కొక్క ఆవృత్తి 10 సెకన్లకు సమానం. నాలుగు మెక్‌ల దళాన్ని లాన్స్ అంటారు. ప్రతి మెక్‌కు ఒక పత్రం ఉంటుంది. తల, మొండెం, చేతులు, కాళ్ళపై చిన్న వలయాలు గీసి ఉంటాయి. తగిలిన దెబ్బలను బట్టి వాటిని కొట్టివేస్తారు. ఆట ముగిశాక ఆ పత్రాన్ని పారవేయకుండా దాచుకోవడంతోనే క్యాంపెయిన్ మొదలవుతుంది.

నష్టం, అనుభవం

పోయిన కవచాన్ని తిరిగి అతికించడం తేలిక. ఇంజను దెబ్బతింటే దానికి సమయం, సొమ్ము, నేర్పరులైన మెకానిక్కులు కావాలి. అన్నింటికంటే ప్రమాదకరమైనది మందుగుండు. మెషిన్‌గన్ తూటాలు ఒక టన్నుకు 200 విడతలు. ఆ పెట్టె నిండుగా ఉండగా పేలితే 400 దెబ్బలు తగులుతాయి. ప్రత్యేక రక్షణ లేని మెక్ ఏదీ దానిని తట్టుకోలేదు. విడి ఆటలో ఇది నవ్వుకొని మరచిపోయే సంఘటన. క్యాంపెయిన్‌లో ఆరు నెలలు పెంచిన సేనలో నాలుగో వంతు ఒక్క పాచికతో పోవచ్చును. అందుచేత ఇక్కడ వెనుదిరగడం అవమానం కాదు.

నడిపేవాడి విలువ యంత్రం విలువకంటే ఎక్కువని ఆటగాళ్ళు త్వరలోనే గ్రహిస్తారు. సాధారణ యోధుని గురి సంఖ్య 4; ఇది ఎంత తగ్గితే అంత మంచిది. అతడు నడుస్తూ, మధ్యస్థ దూరంలో కదలక నిలిచిన శత్రువును కొట్టాలంటే రెండు పాచికలపై 7 లేదా అంతకు మించి పడాలి. 36 అవకాశాలలో ఇవి 21. అనుభవంతో గురి 3 అయితే 6 చాలు. అవకాశాలు 26కు పెరుగుతాయి. అయితే ఆరవ గాయంతో యోధుడు మరణిస్తాడు, అతని అనుభవమూ పోతుంది.

జమాఖర్చులు

సాధారణంగా ఆటగాళ్ళు కిరాయి సైనిక దళాలుగా ఆడతారు. 20 టన్నుల లోకస్ట్ మెక్ ధర ఆటలోని నాణెంలో సుమారు 15 లక్షలు, 100 టన్నుల అట్లాస్ ధర సుమారు 96 లక్షలు. ఒప్పందం కుదుర్చుకొనేటప్పుడు జీతంతో పాటు రవాణా ఖర్చు ఎవరిది, యుద్ధభూమిలో దొరికిన శకలాలలో వాటా ఎంత అన్నవి కూడా తేల్చుకోవాలి. గుంటూరు సీమలో పత్తి, మిరప వేసే కౌలు రైతు లెక్క తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఒక ఏటి నష్టం మరుసటి ఏటి పెట్టుబడిని కోస్తుంది.

చాలా క్యాంపెయిన్లు సగంలో ఆగిపోవడానికి కారణం కూడా ఇదే. గెలిచినవాడు శకలాలతో బలపడతాడు, ఓడినవాడు చితికిన సేనతో మళ్ళీ ఓడతాడు, మూడో వారానికి రావడమే మానేస్తాడు. దీనికి విరుగుడుగా పోరు విలువ అనే కొలమానాన్ని ఉపయోగిస్తారు. ఇందులో తొలి తరం లోకస్ట్‌కు 432, అట్లాస్‌కు 1,897 విలువ కట్టారు; ఇరుపక్షాల మొత్తాలను దగ్గరగా ఉంచుతారు. బాగా దెబ్బతిన్న మెక్ తప్పక వైదొలగాలన్న నియమమూ ఉన్నది. దీనివలన రెండు పక్షాలకూ మిగిలేది పెరుగుతుంది.

నిర్వాహకుని చేతిలో ఉన్న మేలైన ఉపాయం లక్ష్యాలను మార్చడం. బలహీనునికి శత్రునాశనం కాక, పది ఆవృత్తులు నిలదొక్కుకోవడమో, సరుకు బండ్లను అవతలికి దాటించడమో లక్ష్యంగా ఇస్తారు. పులిజూదంలో మూడు పులులకు, పదిహేను మేకలకు సమబలం లేకున్నా ఆట రక్తి కట్టేది ఇరువురి లక్ష్యాలు వేరు కావడం వల్లనే.

యుద్ధపటం

పోరులను కలిపే పటం కోసం కొందరు నిర్వాహకులు చరిత్రను ఆశ్రయిస్తారు. తెలుగునాట ఇందుకు తగిన ఉదాహరణ శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర. 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలై, ఆ కోట 1514లో లొంగిన పిదప అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ మొదలైన దుర్గాలు వశమయ్యాయి. శా.శ. 1437లో, అనగా క్రీ.శ. 1515లో, సాళువ తిమ్మరుసు కొండవీటిని పట్టుకున్న సంగతిని మంగళగిరి స్తంభ శాసనం తెలుపుతున్నది. పిమ్మట సేనలు కృష్ణ దాటి కొండపల్లి మీదుగా ఉత్తరానికి సాగాయి.

క్యాంపెయిన్ పటానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: ఒకదాని వెనుక ఒకటిగా పట్టవలసిన కోటలు, వెనుక వదలిన కోట వల్ల కలిగే ముప్పు, దాటవలసిన నది, ముందుకు పోయేకొద్దీ దూరమయ్యే సరఫరా. ముగింపు మరీ గమనించదగినది. సంధిలో కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూములను రాయలు ప్రతాపరుద్ర గజపతికి తిరిగి ఇచ్చివేసి, ఆయన కుమార్తెను వివాహమాడాడు. ఒక పక్షం పూర్తిగా నశించే వరకు ఆడించడం కంటే, సంధి షరతులను, చివరి పోరు తేదీని ముందే నిర్ణయించుకోవడం ఆటలోనూ మేలు.

నిర్వహణ

ఒక్కొక్కరికి ఒక్క లాన్స్‌తో ప్రారంభించడం ఉత్తమం. కంపెనీ, అనగా 12 మెక్‌లు ఒక్కొక్క పక్షాన దిగితే ఒక్క పోరే రోజంతా పడుతుంది. ఆటగాడు రాని వారంలో అతని దళం మరమ్మత్తులో ఉన్నట్లు లెక్కిస్తారు. విస్తృతమైన నియమాలు 2016లో వెలువడిన క్యాంపెయిన్ ఆపరేషన్స్ గ్రంథంలో లభిస్తాయి. మెక్‌హెచ్‌క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జీతాలు, విడిభాగాలు, గాయాలు మానే రోజులు మొదలగు లెక్కలన్నీ చూస్తుంది. గళ్ళ నోటు పుస్తకంలోనే ఖాతా రాసుకొనేవారూ ఉన్నారు. నాలుగు మెక్‌లకు అది సరిపోతుంది.