ఎలగందుల కోట: నాడు జిల్లా గద్దె, నేడు చూసిపోయే చోటు

కరీంనగర్ నుంచి సిరిసిల్ల బాటన సుమారు పది కిలోమీటర్లు పోతే తాటివనాల నడుమ ఒక గుట్ట, దానిమీద బురుజులు అగుపిస్తాయి. కొత్తపల్లి మండలంలోని ఎలగందుల ఖిల్లా ఇదే. ఇప్పుడు కలెక్టరు కచేరీ కరీంనగర్‌లో ఉన్నా, ఒకనాడు జిల్లా ప్రజలు పనులకు ఈ ఊరికే వచ్చేవారు. జిల్లా పేరు కూడా ఎలగందులే.

ఈ ఊరి పాతపేరు బహుధాన్యపురం. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వరుసగా ఈ కోటను ఏలారు. మానేరు ఒడ్డున ఎత్తయిన గుట్ట కావడంతో ఎవరు వచ్చినా దీన్ని వదులుకోలేదు. కోట చుట్టూ కందకం తవ్వి శత్రువును ఆపారు. ఇక్కడి ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ వెలిసిందని చెబుతారు.

1754లో జఫరుద్దౌలా కోటలో రెండు మినార్లు కట్టించాడు. ప్రజలు వీటిని దో మినార్ అంటారు. ఊపితే ఇవి ఊగుతాయని ప్రతీతి.

1905లో జిల్లాను మార్చి కూర్చినప్పుడు పేరూ పోయింది, కచేరీలూ పోయాయి. రెండూ కరీంనగర్‌కు దక్కాయి. గద్దె పోయిన కోటకు కాపలా కూడా కరువైంది.

తరువాతి మార్పు నీటితో వచ్చింది. 1974లో మొదలై 1985లో పూర్తయిన దిగువ మానేరు డ్యాం వల్ల పారే ఏరు జలాశయమైంది. ఇందులో పట్టే నీరు సుమారు 24 టీఎంసీలు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీరు ఇందులో చేరి, వరంగల్ వైపు పొలాలకు సాగుతుంది. శత్రువును ఆపడానికి ఏటి ఒడ్డున కట్టిన కోట ఇప్పుడు రైతుకు అన్నం పెట్టే నీటి దాపున నిలిచింది.

నేడు ఇక్కడికి సెలవు దినాల్లో బడిపిల్లలు, కుటుంబాలు వస్తుంటాయి. పర్యాటక శాఖ కోట చరిత్ర చెప్పే ధ్వని, కాంతుల ప్రదర్శన ఏర్పాటు చేసింది. గుట్టపై గుడి, మసీదు రెండూ ఉన్నాయి.

అయితే దీపాలు వెలిగించినంత మాత్రాన గోడలు నిలవవు. రాళ్ల సందుల్లో మొలిచే రావి మొక్కను చిన్నప్పుడే పీకాలి, వాన నీరు నిలవకుండా చూడాలి. వేడుక కోసం మినారును ఊపడం, గోడల మీద పేర్లు చెక్కడం మానాలి. గద్దె ఎటూ తిరిగి రాదు. ఉన్న గోడలైనా మన మనుమలకు మిగలాలి.