నోట్సు ఇవ్వొద్దన్నది నేనే!

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. "అమ్మా, పక్క బెంచీ పిల్ల వారం రోజులుగా జ్వరంతో రాలేదు, నా నోట్సు ఇవ్వనా?" అని అడిగింది. "పరీక్షల ముందు ఇచ్చేస్తే నువ్వేం చదువుతావు? ఇంట్లో మర్చిపోయానని చెప్పు" అన్నాను. నిజం చెప్పొద్దూ, నా బెంగ నోట్సు గురించి కాదు. ఆ పిల్లకి అంతకుముందు పరీక్షలో మా అమ్మాయి కంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి.

క్లాసులో ఒకరు తప్పు చెబితే చాలు, చెయ్యెత్తిన మిగతా పిల్లల మొహాలు వెలిగిపోతాయి. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 1971లో ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గమనించింది కూడా ఇదే. అప్పుడే అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే బడిలో కలిపారు. రోజూ కొట్లాటలే!

"కలిసి చదువుకోండి" అని వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఒకరు రాస్తారు, ముగ్గురు కబుర్లాడతారు. ఆయన అలా వదల్లేదు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. మన గోదావరి పాఠమే తీసుకోండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టుక ఒకరికి, మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఒకరికి, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఇంకొకరికి, డెల్టా పంటలు మరొకరికి. అన్ని జట్లలోనూ ఆనకట్ట ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా తెలుసుకుంటారు. తర్వాత ఎవరి జట్టుకి వాళ్లు వచ్చి మిగతావాళ్లకి చెబుతారు. పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లదే, పాఠం మొత్తం మీద.

ఒక జట్టులో ఇంగ్లీషు సరిగా రాని పిల్లవాడు తడబడుతుంటే మిగతావాళ్లు వెక్కిరించారట. పర్యవేక్షించే ఆవిడ తిట్టలేదు. కాసేపట్లో పరీక్ష ఉందనీ, ఆ భాగం తెలిసింది అతనొక్కడికేననీ గుర్తు చేసింది. అంతే! వెక్కిరింతలు మాని ప్రశ్నలు మొదలెట్టారు. అడిగే కొద్దీ అతనికి మాట పెగిలింది. కొన్ని వారాలకి అలాంటి తరగతుల్లో నల్ల, మెక్సికన్ పిల్లల మార్కులు పెరిగాయి. తెల్ల పిల్లలకేమీ తగ్గలేదు. (మనం ముందు చూసుకునేది అదేగా!)

ఇది మనకి కొత్తేం కాదు. 1980ల్లో బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకంలోనూ పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి నేర్పాలని టీచర్లకి శిక్షణ ఇచ్చారు. బడిలో అలా నేర్పినా, సాయంత్రం ఇంటికొచ్చాక "నీ పుస్తకం ఎవరికీ చూపించకు" అనే అమ్మలం మనం ఉన్నాం కదా!

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మొన్న త్రికోణమితి లెక్కలు అర్థంకాక ఆ పక్క బెంచీ పిల్ల ఇంటికే వెళ్లింది. వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపి, "మా పిల్ల చదువుకుంటోందమ్మా, మళ్లీ ఎప్పుడైనా రా" అందట. నేనేమని అనను ఆవిణ్ణి?