మూతపడ్డ మా ఫ్రటర్నిటీని మళ్ళీ తెరిచాం

ఇక్కడ అమెరికాలో కాలేజీకి వెళ్ళే పిల్లలున్న తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతుంటారు, "మావాడు ఫ్రటర్నిటీలో చేరతానంటున్నాడండీ, చేరనివ్వచ్చా?" అని. ఒక్క మాటలో చెప్పలేను. ఎందుకంటే నేను చేరాను. నేను చేరిన చాప్టర్ తర్వాత మూతపడింది. దాన్ని మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ ఎపిసోడ్‌లో ఆ సంగతి చెప్తాను.

ముందు ఫ్రటర్నిటీ అంటే ఏంటో చూద్దాం. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకోవడం 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో మొదలైంది. అది తర్వాత చదువులో ముందున్నవాళ్ళని గౌరవించే సంస్థ అయింది. మనం ఇప్పుడు చూసే రకం ఫ్రటర్నిటీలకి మూలం 1825లో యూనియన్ కాలేజీలో పెట్టిన కప్పా ఆల్ఫా సొసైటీ అంటారు. ఇప్పుడు వీటిలో చాలావాటికి ఒక జాతీయ కార్యాలయం, కాలేజీకో శాఖ ఉంటాయి. ఆ శాఖనే చాప్టర్ అంటారు. చాప్టర్ నడపడానికిచ్చే అనుమతి పత్రం చార్టర్. అది వెనక్కి తీసుకున్నారంటే చాప్టర్ మూతపడ్డట్టే.

ఎందుకు తీసుకుంటారు? చాలాసార్లు హేజింగ్ వల్ల. మన ర్యాగింగ్ లాంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాని మీద చట్టం వచ్చింది, మీకు తెలిసిందే. కాకపోతే ఒక తేడా ఉంది. మన దగ్గర జూనియర్‌ని సీనియర్ దారిలో పట్టుకుంటాడు. ఇక్కడ కుర్రాడు తనంతట తానే వచ్చి, నన్ను చేర్చుకోండి అని నిలబడతాడు. చేర్చుకోరేమోనన్న భయంతో అన్నీ భరిస్తాడు, ఇంట్లో కూడా చెప్పడు. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో ఒక ఫ్రటర్నిటీ ఇంట్లో కొత్తగా చేరేవాళ్ళ చేత బాగా తాగించారు. అందులో ఒక 19 ఏళ్ళ కుర్రాడు మెట్ల మీంచి పడిపోయాడు. గంటలతరబడి ఎవరూ అంబులెన్స్‌ని పిలవలేదు. అతను చనిపోయాడు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా తన చట్టాన్ని కఠినం చేసింది.

మా చాప్టర్‌లో ప్రాణం పోలేదు గానీ, ఒక కుర్రాడు ఆస్పత్రి పాలయ్యాడు. చార్టర్ పోయింది. అప్పటికి నేను చదువైపోయి చాలా ఏళ్ళయింది. వార్త వినగానే నాకు కోపం వచ్చింది. "మా రోజుల్లో ఇలా ఉండేది కాదు" అన్నాను. అబద్ధం. మా రోజుల్లో రాత్రి రెండింటికి లేపి, బేస్‌మెంట్‌లో గోడవైపు తిప్పి నిలబెట్టి, స్థాపకుల పేర్లు వరసగా చెప్పించేవాళ్ళు. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదట్నించీ. నా చేత చెప్పించారు. మరుసటి ఏడు నేను చెప్పించాను.

చాప్టర్‌ని మామూలుగా నాలుగేళ్ళ పాటైనా మూసి ఉంచుతారు. పాత విద్యార్థి ఒక్కడు కూడా క్యాంపస్‌లో మిగలకూడదని. పాత అలవాట్లు అలా తెగిపోతాయని లెక్క. కానీ చాప్టర్ పోయినా పాత విద్యార్థుల సంఘం పోదు కదా! ఇల్లు కూడా తరచు ఆ సంఘానిదే అయి ఉంటుంది. మాదీ అంతే. కుర్రాళ్ళు లేకపోయినా పన్నులు, ఇన్సూరెన్సు, కారే పైకప్పు మా నెత్తినే ఉన్నాయి. ఇంటిని వేరే విద్యార్థులకి అద్దెకిచ్చి నెట్టుకొచ్చాం.

గడువయ్యాక జాతీయ కార్యాలయం నుంచి ఇద్దరు కుర్ర ఉద్యోగులు వచ్చి, కొన్ని వారాలు క్యాంపస్‌లోనే ఉండి కొత్తవాళ్ళని పోగుచేశారు. తర్వాత సలహాదారులుగా మేం దిగాం. నిజం చెప్పాలంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. నాలుగేళ్ళు తలుపులు మూసి దేన్నయితే తెంపారో, అది మా బుర్రల్లో భద్రంగా ఉంది! మాలో ఒక పెద్దాయన, పైకప్పుకి అందరికన్నా ఎక్కువ డబ్బిచ్చినాయన, "ఆ బేస్‌మెంట్ రాత్రి లేకపోతే అన్నదమ్ముల్లా ఎలా అవుతారోయ్?" అన్నాడు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఒకరోజు కొత్త కుర్రాడొకడు నన్ను సూటిగా అడిగాడు, "మీరు కూడా చేయించారా?" అని. చేయించానన్నాను. "అతను ఇప్పటికీ మీతో మాట్లాడతాడా?" అన్నాడు.

ఆ వారం అతనికి ఫోన్ చేశాను. చేరిన మూడో వారమే వదిలేసి వెళ్ళిపోయిన మనిషి. కాసేపు మామూలు మాటలయ్యాక అతనే అన్నాడు, "నాకు నత్తి అని నీకు తెలుసు కదా." తెలుసు. తెలిసే మళ్ళీ మొదట్నించీ చెప్పమన్నాను. క్షమించమని అడిగాను. విన్నాడు గానీ, సరే అనలేదు.

తర్వాతి సమావేశంలో ఆ సంగతి అందరి ముందూ చెప్పి, ఈ పరీక్షల కాలమే వద్దన్నాను. ఇది నేను కనిపెట్టిందేం కాదు. లాంబ్డా కై ఆల్ఫా 1972లోనే తీసేసింది, సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో తీసేసింది. ఓటు పెట్టాం, నెగ్గింది. పెద్దాయన మళ్ళీ రాలేదు, ఆయన డబ్బూ రాలేదు. పైకప్పుకి అప్పు చేశాం, ఇంకా తీరుస్తున్నాం.

కాబట్టి మీవాడు చేరతానంటే రెండు విషయాలు అడగండి. కొత్తవాళ్ళకి పరీక్షాకాలం ఉందా, ఉంటే ఎన్ని వారాలు? ఆ ఇంట్లోకి తరచూ వచ్చిపోయే పెద్దవాళ్ళెవరు? 2024 చివర్లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలు హేజింగ్ ఘటనలను బయటపెట్టాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ నివేదిక వెతికి చదవండి. వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

చార్టర్ తిరిగొచ్చిన రోజు విందుకి అతన్నీ పిలిచాను. రాలేదు.