వెలగల సామాను విరిగినపుడు

పెండ్లి పేరిట కొన్న మంచమో బీరువాయో నాలుగేండ్లకే కిర్రుమని మూలుగుట మన సభ్యుల యిండ్లలో క్రొత్త సంగతి కాదు. ఆడుపిల్ల వెంట పంపవలెనని అప్పుచేసి కొన్న సామాను, ఆ యప్పు వాయిదాలు తీరకమునుపే మూలబడుచున్నది. అప్పుడు కొందరు ఇనుపమేకులు దిగగొట్టుదురు. కొందరు పాతసామానువానికి కారుచౌకగా నిచ్చివేసి మరల అప్పునకు పోవుదురు. రెండును నష్టమే. చెడినది అతుకా, కొయ్యయా అని మొదట చూడవలెను.

అతుకు వదలినంత మాత్రమున మంచము పాడైనదని యెంచరాదు. చక్కగా ఆరని కొయ్యతో చేసిన సామాను వేసవిలో కుదించుకొనును. కొయ్య పొడుగున తగ్గుట మిక్కిలి స్వల్పము. అడ్డముగా తగ్గుటయే హెచ్చు. అందుచేత పట్టె కొన కోటి బెజ్జములో వదులై యాడును. అందులో మేకు కొట్టినచో కోడు నిలువున పగులును. వానకాలపు చెమ్మకు మేకు త్రుప్పుపట్టును. చేయవలసిన దేమనగా, విప్పుటకు ముందు ప్రతి అతుకునకును సుద్దతో గుర్తుపెట్టుడు. పట్టెను వెలికితీసి, పాతబంకను మాత్రము ఉలితో గీకివేయుడు. కొయ్యను చెక్కినచో వదులు ఇంకను హెచ్చును. సందు మిగిలియున్నచో పలుచని కొయ్యరేకును కొనకు అంటించి, వడ్రంగిబంక పూసి, బెజ్జములోనికి దింపి, త్రాటితో చుట్టి కఱ్ఱతో మెలిపెట్టి బిగించి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక యుంచవలెను. మంచి వడ్రంగికి ఇది పూటపని.

కొయ్యయే చెడినచో సంగతి వేరు. టేకు అని చెప్పి యమ్మిన మంచములో చేవ కొంత, చేవకు వెలుపలనుండు తెల్లచెక్క కొంత కలిపి, పైన రంగు పూయుట కలదు. పిండిపురుగు తినునది ఈ తెల్లచెక్కనే. సన్నని గుండ్రని రంధ్రములు, క్రింద మెత్తని పిండి కనబడినచో, పిండిని తుడిచివేసి అడుగున కాగితము పరచి కొన్నిదినములు చూడుడు. మరల రాలినచో పురుగు లోపల నున్నదన్నమాట. గుల్లయైన ముక్కను తీసివేయించి, మిగిలినదానిపై రంగు గీకించి, వెలిగారమును బోరిక్ ఆమ్లమును వేడినీట కరగించి రెండుమూడుమారులు పట్టించవలెను. ఆ నీటిని పిల్లలకు అందనీయకుడు. ప్రత్తికి తెచ్చిన పురుగుమందు మిగిలినదని మంచమునకు పూసినవారిని మేమెరుగుదుము. పైరులకు మందు చెప్పుట మా పనియే గనుక గట్టిగా చెప్పుచున్నాము: రాత్రియెల్ల పసిబిడ్డ పరుండు చెక్కకు పైరుమందు ఎన్నడును తగలనీయరాదు.

ఇక కొయ్యపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు బీరువాలు. పైన నునుపు, లోన పొట్టు. ఇల్లు కడిగిన నీరు అంచున చేరినచో ఉబ్బును. ఉబ్బినది మరల ఎండినను మునుపటివలె కాదు. అడుగుపలకను మాత్రము ప్లైవుడ్డుతో మార్పించి, క్రింద ఎత్తుపీటలు వేయుడు. మడతబందు మరమేకులు ఊడినచో ఆ రంధ్రములో బంకపూసిన కొయ్యచీలను దింపి, ఆరిన పిమ్మట అందులో మేకు త్రిప్పుడు. పలకలన్నియు ఉబ్బియున్నచో దానిపై కాసు ఖర్చుపెట్టకుడు.

అయితే ఉలి పట్టకముందే రసీదు వెదకవలెను. టేకని చెప్పి వేరొకటి యిచ్చినను, హామీకాలములో విరిగినను, ఫోటోలు తీసి అంగడివానికి వ్రాతమూలముగా తెలుపుడు, నోటిమాట నిలువదు. అతడు వినకున్నచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అటుపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. వ్యాజ్యకారణము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల చేయవలెను. సామానుకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు; వకీలును పెట్టితీరవలెనన్న నియమమును లేదు. రసీదు పోయినవారు, సొమ్ము బ్యాంకుద్వారా పంపియున్నచో, పాసుపుస్తకములోని ఆ పద్దును ఆధారముగా జతపరుపవచ్చును.