మీకు తెలుసా? పెట్రోలు తాగి పాడైన పడవలు

అమెరికాలో పెట్రోల్లో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం బావుల్లోకి దిగుతోందని న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాలు 2004లో దాన్ని నిషేధించాయి. దాని చోట 10 శాతం ఇథనాల్ వచ్చింది. కార్లు ఎప్పటిలాగే తిరిగాయి. పాత పడవల్లో మాత్రం కొన్నిటి ఇంజన్లు మూలనపడ్డాయి. విప్పి చూస్తే వాల్వుల మీద తారులా నల్లటి జిగురు! అది వచ్చింది ఇంధన ట్యాంకు నుంచే. 1980ల ముందు కట్టిన కొన్ని ఖరీదైన పడవలకు ఫైబర్‌గ్లాస్ ట్యాంకులుండేవి. అప్పటి రెసిన్‌ను ఇథనాల్ కొద్దికొద్దిగా కరిగించి ఇంజన్‌లోకి పంపింది. ట్యాంకు మార్చాలంటే చాలా పడవల్లో డెక్కు కోయాల్సిందే. ఆ ఖర్చు విని పడవనే వదులుకున్నవాళ్లుంటే ఆశ్చర్యం లేదు.

కొత్త పడవలకు ఆ బెడద లేదు, నీటి బెడద ఉంది. ఇథనాల్ నీటిని ఇట్టే కలుపుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని, అంటే ఒక చెంచాడు, తనలో దాచుకోగలదు. అది దాటితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో పాటు అడుక్కి దిగిపోతుంది. ఇంజన్‌కు ఇంధనం తోడే గొట్టం ఉండేదీ అడుగునే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ తగ్గిపోతుంది. ఎంత కుదిపినా ఆ రెండూ మళ్లీ ఒకటి కావు. కారు ట్యాంకు మూసి ఉంటుంది, వారం పది రోజుల్లో ఖాళీ అవుతుంది. పడవ ట్యాంకుకు గాలి గొట్టం తెరిచే ఉంటుంది, చలికాలమంతా పడవ ఒడ్డునే పడుంటుంది. అసలు తేడా అక్కడే ఉంది.

20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 10 శాతం దానికన్నా ఎక్కువ నీటిని భరిస్తుంది. కానీ విడిపోయిందంటే అడుక్కి దిగే సరుకూ ఎక్కువే.

టూ స్ట్రోక్ ఇంజన్‌ది మరీ కష్టం. దానికి కందెన పెట్రోల్లో కలిపిన ఆయిలే. పొరలు విడిపోతే ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజన్ మాత్రం ట్యాంకు అడుగున ఉన్న నీళ్లు కలిసిన ఇథనాల్‌ను పీల్చుకుని పట్టేస్తుంది.

ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజన్. కారులోని సెన్సర్ దాన్ని పసిగట్టి ఇంధనం పెంచుతుంది. చిన్న ఇంజన్ల కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంతుందో అంతే. ఇంధనం చాలక ఇంజన్ వేడెక్కుతుంది. ఇథనాల్ ఎక్కువున్న పెట్రోలుతో అమెరికా ఇంధన శాఖ 2008లో చేయించిన పరీక్షల్లో కొన్ని గడ్డి కోసే యంత్రాలకు ఐడిల్ వేగం పెరిగి, యాక్సిలరేటర్ నొక్కకుండానే క్లచ్ పట్టుకుంది. 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలును 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు అనుమతించిన అక్కడి ప్రభుత్వం, పడవలకూ మోటార్‌సైకిళ్లకూ రంపాలకూ పోయకూడదని బంకుల్లో నారింజ రంగు చీటీ అంటించమంది. ఇథనాల్ లేని పెట్రోలు అక్కడ కొన్ని రేవుల్లో ఇప్పటికీ దొరుకుతుంది, ధర కాస్త ఎక్కువ.

మన దేశం 2022 జూన్‌లో 10 శాతానికి చేరింది. 20 శాతం గడువును 2030 నుంచి ముందుకు జరిపి 2025కు తెచ్చారు. గొడవంతా కారు, బైకు మైలేజీ గురించే. పొలంలో తిరిగే పవర్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్ మాట ఎత్తేవాళ్లు తక్కువ. గోదావరి లాంచీలవి డీజిల్ ఇంజన్లు కాబట్టి వాటికి దిగుల్లేదు. స్ప్రేయర్‌ను మాత్రం పంట అయ్యాక ట్యాంకులో పెట్రోలుతోనే కొట్టంలో పడేస్తారు. ట్యాంకు వంచేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే కార్బురేటర్ కూడా ఖాళీ అవుతుంది. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ కూడా ఏ రోజుకారోజే, వాడే పెట్రోలుకు సరిపడా కలుపుకోవాలి.

మీ పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో చూడాలా? కొలత గీతలున్న గాజు గొట్టంలో, నిప్పుకు దూరంగా, 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి కుదిపి కాసేపు వదిలేయండి. 20 శాతం కలిపిన పెట్రోలైతే అడుగు పొర 10 గీత దగ్గర ఆగదు, 25 దాటుతుంది.