ఫ్లెక్సిబుల్ పళ్ల సెట్టులో పన్ను ఊడితే, తప్పు ఎక్కడ జరిగినట్టు?

సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలకు నైలాన్ కొత్త పేరు కాదు. ఆ ఊరు నేసే సింథటిక్ నూలులో అదీ ఒకటి. ఫ్లెక్సిబుల్ పళ్ల సెట్టు కూడా అదే జాతి ప్లాస్టిక్‌తో తయారవుతుంది. అమెరికాలో 1950ల్లో వాల్‌ప్లాస్ట్ పేరుతో మొదలైన పద్ధతి ఇది. లోహపు కొక్కేలు ఉండవు, చిగురు రంగులో కలిసిపోతుంది, కొద్దిగా వంగుతుంది. మరి కొందరికి కొన్ని నెలలకే పన్ను ఎందుకు ఊడుతోంది?

జవాబు సాధారణంగా ల్యాబ్‌లోనే ఉంటుంది. మామూలు సెట్లకు వాడే అక్రిలిక్ పొడి, ద్రవం కలిసి రసాయన చర్యతో గట్టిపడుతుంది. అక్రిలిక్ పళ్లు దానికి అతుక్కుపోతాయి. నైలాన్ అలా కాదు. సుమారు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, ఒత్తిడితో ప్లాస్టర్ అచ్చులోకి ఎక్కిస్తారు. పన్నుకు అది రసాయనికంగా అతుకదు. అందుకే ప్రతి పన్ను అడుగునా టి ఆకారంలో రంధ్రం తొలిచి, నైలాన్ అందులోకి వెళ్లి గుబ్బలా బిగుసుకునేలా చేయాలి. రంధ్రం చిన్నదైనా, కడిగాక అందులో మైనం మిగిలినా పట్టు ఉండదు. తయారైన రోజు ఈ లోపం ఎవరికీ కనిపించదు.

బుడగలు, వెండి చారలు మాత్రం అచ్చు పగలగొట్టగానే కనిపిస్తాయి. నైలాన్‌కు తేమను పీల్చే గుణం ఉంది. తాపీ ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో వానాకాలం మూత తెరిచి ఉంచిన నైలాన్ గుళికలు చెమ్మగిల్లక మానవు. కరిగించేటప్పుడు ఆ నీరు ఆవిరై బుడగ కడుతుంది, ప్లాస్టిక్ గొలుసులను కూడా తెంచి పెళుసుగా మారుస్తుంది. ఇక్కడే అసలు పొరపాటు. వేడి చాలలేదనుకుని టెక్నీషియన్ ఉష్ణోగ్రత పెంచితే, బుడగలు పోవు సరికదా రంగు గోధుమకు తిరుగుతుంది. చేయాల్సింది గుళికలను ముందుగా ఆరబెట్టడం, డబ్బా మూత గట్టిగా బిగించడం.

కొక్కెం కొన అసంపూర్తిగా ఆగిపోతే సిలిండర్‌లోకి చూడాలి. నైలాన్ అక్కడ మిగిలి ఉంటే, అది దారిలోనే చల్లబడిందన్నమాట: అచ్చు చల్లగా ఉందో, నైలాన్ పారే కాలువ సన్నగా ఉందో, ఎక్కించడం ఆలస్యమైందో. ఏమీ మిగలకపోతే పదార్థమే తక్కువ. సెట్టు ఊగుతుంటే అచ్చు చల్లారకముందే తెరిచారేమో అడగాలి. పాలిష్‌లో పీచు లేస్తే వేగం, వేడి తగ్గించాలి. నోట్లో కొద్దిగా బిగుతుగా ఉండటం లోపం కాకపోవచ్చు. వేడినీళ్లలో కాసేపు ముంచి సవరించే పద్ధతి ఉంది.

అసలు చిక్కు తిరిగి చేయడంలో ఉంది. అక్రిలిక్ పగిలితే పొడి, ద్రవంతో అతికించవచ్చు. నైలాన్‌లో బుడగను అలా పూడ్చలేరు, సెట్టు మొత్తం మళ్లీ చేయాల్సిందే. మొదటి అచ్చు అప్పటికే పగిలి ఉంటుంది. నోటి నమూనాకు నకలు తీసి ఉంచని ల్యాబ్‌లో రోగి మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లి కొలత ఇచ్చుకోవాలి, మళ్లీ కొన్నాళ్లు పళ్లు లేకుండానే భోజనం చేయాలి.